మేస్త్రి గ్రానోలా

మేస్త్రి పోయిన పదహారో రోజున ఆయన ఫోటో ముందు అరిటాకు పరిచి, ఆయనకు ఇష్టమైనవన్నీ వడ్డించారు. బిరియాని, ఉడికించిన గుడ్లు, వక్కాకు, ఒక బీడీ కట్ట. అన్నీ అయినాక వాళ్ళావిడ వంటింట్లోకి వెళ్ళి ఒక స్టీలు డబ్బా తెచ్చింది. అందులోంచి చిన్న గుప్పెడు తీసి ఆకు మూలన పెట్టింది. వేలూరు నుంచి వచ్చిన బంధువొకాయన వంగి చూసి, "ఇదేందమ్మా, కోళ్ళ మేతా?" అన్నాడు. ఆమె తల తిప్పకుండా, "మీ అన్న మేతప్పా," అంది.

నవ్వే చోటు కాదు గనక తల వంచుకున్నాను. ఆ గుప్పెడు ఏమిటో ఆ బంధువుకు చెప్పడం ఒక్క మాటతో అయ్యేది కాదు. దాని పేరు గ్రానోలా, ఓట్సు, పప్పులు, గింజలు కలిపి కాల్చిన తిండి. వేలూరు పక్కన మా గుడియాత్తంలో ఆ పేరు పలికేవాళ్ళే తక్కువ. ఇటుక, ఇసుక, సిమెంటు తప్ప వేరేది ముట్టని ఒక మేస్త్రి దాన్ని ఎందుకు చేశాడో, ఎట్లా చేశాడో దగ్గరుండి చూసినవాళ్ళం ఇద్దరమే, వాళ్ళావిడా నేనూ. ఆమెకు రాయడం రాదు. నాకు యాభై ఎనిమిదో ఏట, మా వీధిలో ఉండే ఒక టీచరమ్మ పుణ్యాన వచ్చింది. అందుకని నేను రాస్తున్నాను.

ఆయన దగ్గర ఇరవై రెండేళ్ళు సిత్తాలు పని చేశాను. సిత్తాలంటే కట్టుబడి పనిలో ఇటుకలు మోసే, కలిపిన సిమెంటు తట్టలు అందించే ఆడమనిషి. ఆయన నన్ను "పాపా" అని పిలిచేవాడు. నాకు మనవరాలు పుట్టినాక కూడా అదే పిలుపు. నేను "మేస్త్రన్నా" అనేదాన్ని. వాళ్ళావిడను వదినా అనేదాన్ని.

ఇసుక లారీ వచ్చిందంటే ఆయన ముందు చిటికెడు తీసుకొని, చెవి దగ్గర పెట్టుకొని, బొటనవేలితో రుద్దేవాడు. కరకరమంటే దించమనేవాడు. చప్పుడు మెత్తగా ఉంటే మన్ను కలిసినట్టు. డ్రైవరు ఎంత మొత్తుకున్నా లారీ వెనక్కి పోవాల్సిందే. ఏటి ఇసుక ఆగిపోయి, మిషన్లో రాయి పిండి చేసిన ఎం-శాండు వచ్చినాక కూడా ఆ అలవాటు పోలేదు. హోటల్లో ఉప్పును కూడా అట్లా చెవి దగ్గర రుద్దడం నేను చూశాను. సర్వరు పిల్లవాడు బల్ల దగ్గరే నిలబడిపోయాడు.

పని బాగుంటే ఏమీ అనేవాడు కాదు. గోడను ఒకసారి చూసి, చెవి మీది పెన్సిలు సర్దుకొని, పక్క గోడకు పోయేవాడు. అదే మెచ్చుకోలు. బాగాలేకుంటే ఒకటే మాట, "పీకు." అని ఊరుకోకుండా కాలితో ఒక్క తన్ను తన్నేవాడు. తడి గోడ కూలేది. కట్టినవాడు మళ్ళీ మొదలుపెట్టేవాడు. నేను పనిలో చేరిన కొత్తల్లో ఆ తన్ను చూసి భయపడేదాన్ని. తర్వాత తెలిసింది, తను కట్టిన గోడను కూడా అట్లాగే తన్నేవాడని.

ఇంకొకటి కూడా చెప్పాలి, మంచి మాటలే రాస్తే అది ఆయన కాదు. ఆయన పనిలో ఆడవాళ్ళు కరండి పట్టకూడదు. కరండి అంటే సిమెంటు పూసే తాపీ. ఇది ఆయన ఒక్కడు పెట్టిన పద్ధతి కాదు, మా పనిలో అందరిదీ అదే. మగపిల్లవాడు చేరితే రెండేళ్ళకు కరండి పడతాడు, ఐదేళ్ళకు మేస్త్రి అవుతాడు. ఆడది ముప్పై ఏళ్ళు మోసినా సిత్తాలే. ఒకసారి ఆయన టీకి పోయినప్పుడు నేను కరండి తీసుకొని రెండు ఇటుకలు పెట్టాను. తిరిగొచ్చి చూశాడు. ఏమీ అనలేదు, తన్ననూ లేదు. ఆ రెండు ఇటుకలు తీసి, అంటిన సిమెంటు గీకి, మళ్ళీ తనే పెట్టాడు. నేను పెట్టినవి వంకర లేవు. అది ఆయనకు తెలుసు, నాకు తెలుసు.

టీ మాత్రం రోజుకు ఏడుసార్లు. గ్లాసులో చెంచా నిలబడేంత చక్కెర ఉండాలి. పొద్దున ఏమీ తినేవాడు కాదు. సంగటి తింటే సారం మీద నిద్రొస్తాదనేవాడు. సారమంటే గోడ పక్కన నిలబడి పని చేసుకోవడానికి కట్టే కట్టెల మంచె. పదకొండుకు ఒక బన్ను, రెండుకు కొండంత అన్నం. చక్కెర జబ్బు ఉందని ఆసుపత్రిలో చెప్పి అప్పటికే తొమ్మిదేళ్ళు. మాత్రల సంగతి వదిన అడిగితే, "వేసుకున్నాలే" అనేవాడు. ఎప్పుడని అడిగితే లేచి పోయేవాడు.

నెల్లూరుపేటలో ఒక ఇంటికి రూఫు వేసిన మరునాడు జరిగింది. పైన నీళ్ళు పోయడానికి నేను బిందెతో ఎక్కాను. ఆయన రూఫంతా తిరిగి చూస్తున్నాడు. ఉన్నట్టుండి నిలబడి, "పాపా, ఎవురిదో కాలు తెగినట్టుండాదే. ఆ నెత్తురు చూడు," అన్నాడు. చూశాను. తడి సిమెంటు మీద ఎర్రటి అడుగులు. అవి మెట్ల దగ్గర మొదలై, మూల మూలకూ తిరిగి, ఆయన నిలబడిన చోటికే వచ్చి ఆగినాయి. సెంట్రింగు చెక్కలోని మేకు చెప్పును చీల్చుకొని ఆయన పాదంలో దిగి ఉంది. అది ఎప్పుడు దిగిందో ఆయనకు తెలియదు.

వేలూరు పెద్దాసుపత్రిలో రెండు వేళ్ళు తీశారు. అయినా అరికాలి పుండు మానలేదు. డాక్టరు చిన్న వయసువాడు, నిదానంగా మాట్లాడాడు. కాలి నరాలకు స్పర్శ పోయింది, అది ఇంక రాదు అన్నాడు. మూడు నెలలు చూస్తాను, చక్కెర దిగి పుండు మూసుకుంటే సరి, లేకుంటే విషం పైకి ఎక్కకముందే మోకాటి కింద తీసెయ్యాలి అన్నాడు. వదిన కొంగు నోటికి అడ్డం పెట్టుకొని బయటికి పోయింది. ఈయన మాత్రం, మోకాటి కింద ఎన్ని అంగుళాలు అని అడిగాడు. డాక్టరు చెయ్యి పెట్టి చూపించాడు. ఈయన తన జానతో అక్కడినుంచి పాదం దాకా కొలుచుకున్నాడు. కొలిచి, "శానా పోతాది," అన్నాడు. ఆ మూడు నెలలు పాదం నేల మీద మోపకూడదు.

ఆసుపత్రిలో ఏమి తినాలో చెప్పే అమ్మాయి ఒకామె ఉండేది. ఆమె పొద్దున తప్పకుండా తినాల్సినవి వరసగా చెప్పింది. ఈయన ఒక్కొక్కదానికీ మొహం తిప్పుకున్నాడు. ఆ సాయంత్రమే నెల్లూరుపేట ఇంటి యజమానురాలు చూడటానికి వచ్చి, ఒక చిన్న డబ్బా ఇచ్చింది. ఇంట్లో చేసిన గ్రానోలా అనీ, చక్కెర వెయ్యలేదు, తేనెతో చేశాననీ చెప్పింది. ఆమె అట్లా పోగానే ఈయన మూత తీసి, ఒక ముక్క చిదిమి, చెవి దగ్గర పెట్టుకొని రుద్దాడు.

"పాపా, చూడు. జల్లి ఉండాది, ఇసక ఉండాది, సిమెంటు ఉండాది," అన్నాడు. జల్లి అంటే కంకర. వేరుశనగ పప్పులు జల్లి, ఓట్సు ఇసుక, తేనె సిమెంటు. "ఇది కాంక్రీటు కదమ్మే. చొక్కా జేబులో వేసుకొని సారం మీద నిలబడి తినొచ్చు." తినే వస్తువుల్లో ఆయనకు అర్థమైంది అదొక్కటే. ఇంటికి పోయి తనే చేస్తానన్నాడు. కాఫీలో పాలు ఎవరు పోస్తారో తెలియని మనిషి వంట చేస్తాడా అని వదిన అడిగింది. ఇది వంట కాదు, పని అన్నాడు.

పని అంటే ముందు పొయ్యి కావాలి. అన్ని వైపులా సమంగా వేడి తగలాలంటే ఓవెన్ కావాలని ఆ యజమానురాలు చెప్పి ఉంది. కొనడం ఆయనకు తలకెక్కలేదు. ఇటుకలతో ఇల్లు కట్టేవాడు ఇటుకలతో పెట్టె కట్టలేడా అన్నాడు. పెరట్లో కుర్చీ వేయించుకొని, కట్టు కట్టిన కాలు పెయింటు డబ్బా మీద దిండు వేసి చాపుకొని కూర్చున్నాడు. నేను మట్టి, సున్నం కలిపి పక్కన పెట్టాను. ఆయన కుర్చీలోంచి వంగి ఒక ఇటుక పెట్టబోయాడు. అందలేదు. లేచి కిందికి దిగబోయాడు. వదిన పరిగెత్తుకొచ్చి రెండు భుజాలూ పట్టుకుంది. ఆయన చాలాసేపు ఆ కరండినే చూస్తూ కూర్చున్నాడు. తర్వాత దాని పిడి నా వైపు తిప్పి, చెయ్యి చాపాడు.

"పట్టు," అన్నాడు.

నేను వెంటనే తీసుకోలేదు. ఇరవై రెండేళ్ళు ఇటుకలు మోసిన చేతులు కొంగుకు తుడుచుకున్నాను. ఆడవాళ్ళు పట్టకూడదు కదా మేస్త్రన్నా అన్నాను.

"కాలు పోయేట్టు ఉండాది. ఇప్పుడు అదొకటి ఎత్తుకున్నావా నువ్వు?" అన్నాడు. చెయ్యి మాత్రం దించలేదు.

తీసుకున్నాను. మొదటి వరస పేర్చగానే కర్రతో చూపించి, "పీకు," అన్నాడు. రెండోసారీ పీకించాడు. మూడోసారి వంపు దగ్గరికి వచ్చేసరికి ఇసుక గుట్ట పోసి, దాని మీద ఇటుకలు ఆనించి, మట్టి ఆరినాక ఇసుక లాగెయ్యమన్నాడు. నాలుగు రోజులు పట్టింది. చివరికి రసమట్టం తెప్పించి పైన పెట్టించాడు. అందులోని నీటి బుడగ సరిగ్గా మధ్యలో నిలిచింది. ఆయన దాన్ని చూసి, చెవి మీది పెన్సిలు సర్దుకొని, ఓట్సు ఎక్కడ పెట్టారని వదినను అడిగాడు.

మొదటిసారి చేసింది తలచుకుంటే ఇప్పటికీ సిగ్గేస్తుంది. ప్లాస్టిక్ పట్టా పరిచి, ఓట్సు, సజ్జ పేలాలు, వేరుశనగ పప్పులు, గుమ్మడి గింజలు, కొబ్బరి తురుము దాని మీద పోసి, నాలుగుసార్లు అటూ ఇటూ తిరగేసి కలిపాం. తాటిబెల్లం కరిగించి, కాస్త తేనె, నువ్వుల నూనె పోశాం. పాకం ఒకటికి పొడివి నాలుగు పాళ్ళు. బయటి గోడకు పూత పూసే పాళ్ళవి. రేకు పళ్ళెంలో పరిచి చెక్కతో చదును చేశాను. నిప్పు లాగేసిన ఓవెన్‌లో అరగంట ఉంచాం. వాసన వీధి చివరికి పోయింది. బయటికి తీయగానే ఆయన, "గోని సంచి తడుపు," అన్నాడు.

నేను మారు మాట్లాడకుండా తడిపి, ఆ వేడి పళ్ళెం మీద కప్పాను. సిమెంటు వేసినాక తడి పెట్టకపోతే పగిలిపోతుంది కదా. ఇరవై రెండేళ్ళుగా పొద్దునా సాయంత్రం రూఫులకు నీళ్ళు పోసిన చెయ్యి ఇది. ఆయనకూ తోచలేదు, నాకూ తోచలేదు. ఆరిపోతుందేమోనని గంటకోసారి మళ్ళీ తడిపాను కూడా. వదిన గుడి నుంచి వచ్చి సంచి ఎత్తి చూసింది. కింద గంజి.

ఆమె మా ఇద్దరినీ మార్చి మార్చి చూసి, ఇంకో ఏడు రోజులు నీళ్ళు కట్టమనింది, అప్పుడైనా గట్టిపడుతుందేమో. పక్కింటి కోళ్ళకు వేస్తే అవి ఒకసారి పొడిచి, కాళ్ళు విదుల్చుకొని పోయాయి. అప్పటినుంచి ఆ ఇంట్లో దాని పేరు కోళ్ళ మేతే.

రెండోసారి గోని సంచి జోలికి పోలేదు. పళ్ళెం నీడన పెట్టి, కదపకుండా చల్లారనిచ్చాం. అట్టకట్టుకొని పెళుసుగా వచ్చింది. ఆయన ఒక మూల విరిచి చెవి దగ్గర రుద్దాడు. కరకర. ఆ రోజు ఆయన మొహం చూడాలి. వచ్చినవాళ్ళందరికీ పెట్టాడు, తనూ తిన్నాడు. జేబులో వేసుకొని గంట గంటకూ తిన్నాడు. చక్కెర ఒక్క పలుకు లేదు కదా, చెట్టు నుంచి వచ్చిన బెల్లం, ఈగ పెట్టిన తేనె, ఎంత తింటే అంత బలం అనేవాడు. నేనూ అదే నమ్మాను. వదినా నమ్మింది.

మూడు వారాలకు వేలూరు వెళ్ళాం. వదినకు బస్సెక్కితే వాంతులు, అందుకని నేనే వెంట పోయేదాన్ని. ఆయన ఎన్నడూ లేనిది తలదువ్వుకొని, డబ్బా నిండా గ్రానోలా తీసుకొని వచ్చాడు, ఏమి తినాలో చెప్పిన ఆ అమ్మాయికి చూపించాలని. రక్తం తీశారు. చక్కెర తగ్గలేదు సరికదా, పెరిగింది. పుండు అంచులు నల్లబడినాయి.

ఆ అమ్మాయి డబ్బా మూత తీసి చూసి, ఏమేమి వేశావు తాతా అని అడిగింది. చెప్పాడు. చక్కెర ఒక్క పలుకు వెయ్యలేదు తల్లీ అని రెండుసార్లు అన్నాడు. ఆమె గొంతు పెంచలేదు. తాటిచెట్టు నుంచి వచ్చినా, తేనెటీగ నుంచి వచ్చినా, నోట్లో రుచి వేరే గానీ రక్తంలో కలిసినాక నీ ఒంటికి అదీ చక్కెరే అంది. పప్పులు, గింజలు మంచివే, తీపి తగ్గించు, కొలిచి తిను అంది. రోజుకు ఎంత తింటావని అడిగింది. ఆయన రెండు చేతులూ దోసిలి పట్టాడు. ఆమె అందులో ఒక చెయ్యి పట్టుకొని, వేళ్ళు ఒక్కొక్కటే మడిచి, అరచేతిలో చిన్న గుంట మిగిల్చింది. "ఇంత. పొద్దున ఒక్కసారి."

బస్సులో లత్తేరి దాటేదాకా ఆయన మడిచిన ఆ చెయ్యి అట్లాగే ఒళ్ళో పెట్టుకొని కూర్చున్నాడు. నాకు భయమేసింది, ఇంక వదిలేస్తాడేమోనని. కాలు పోతే పోనీ అనుకున్న మగవాళ్ళను మా వీధిలోనే చూశాను. కే.వి.కుప్పంలో బస్సు నిలబడినప్పుడు నా వైపు తిరిగాడు.

"మా తాత సున్నం గోడకు బెల్లం నీళ్ళు పోసేవాడు పాపా. పట్టు కోసరం. బెల్లం దొరకనప్పుడు ఏం పోసేవాడో తెలుసునా?"

తెలియదన్నాను.

"కోడిగుడ్డు. తెల్లది మాత్రం." మడిచిన చేతిని ఒకసారి చూసుకొని, "ఎన్ని దినాలు ఉండాది ఇంకా?" అన్నాడు.

అరవై ఎనిమిది అన్నాను.

"శానా ఉండాది," అన్నాడు.

ఇంటికి రాగానే టీలో చక్కెర మానేశాడు. మొదటి గ్లాసు అరగంట చేతిలో పట్టుకొని కూర్చున్నాడు. చల్లారిపోయినాక కళ్ళు మూసుకొని ఒక్క గుక్కలో తాగి, గ్లాసు బోర్లించాడు. మళ్ళీ చచ్చేదాకా ఆ టీలో చక్కెర పడలేదు. మాత్రల డబ్బా కుర్చీ పక్కనే పెట్టించుకున్నాడు. కడుపుకు సూది వేసుకోవడం నేర్చుకున్నాడు. కట్టు మార్చే నర్సమ్మ రోజూ వచ్చేది, ఆమె ముందు ఒక్కసారి కూడా మూలగలేదు. మూలగడానికి ఆ కాలికి ఏమీ తెలిస్తే కదా అని తనే నవ్వేవాడు.

ఇక గ్రానోలా. ఒకటికి ఆరు పాళ్ళు నిలబడింది. ఒకటికి ఎనిమిది పళ్ళెంలో నిలబడి చేతిలో రాలింది. ఒకటికి పది ఉత్త పొడి. "పీకు," అనేవాడు. నేను పళ్ళెం బోర్లించేదాన్ని. అప్పుడు ఆలోచించి చెప్పాడు. గోడను నిలబెట్టేది సిమెంటు ఒకటే కాదు, సందులు నిండడం. పెద్ద జల్లి మధ్య చిన్న జల్లి, దాని మధ్య ఇసుక నిండితే కాస్త సిమెంటు చాలు. కాబట్టి సగం ఓట్సు, గుప్పెడు పప్పులు పొడి కొట్టి కలపమన్నాడు. తాటిబెల్లం, తేనె పూర్తిగా ఆపేశాడు. పళ్ళెం మొత్తానికి రెండే ఖర్జూరాలు నానబెట్టి రుబ్బించాడు. నాలుగు గుడ్ల తెల్లసొన నురగ వచ్చేదాకా గిలకొట్టి పోయమన్నాడు.

ఆ రోజు శుక్రవారం. పూజ గది పక్కన గుడ్లు కొడుతున్నామని వదిన మండిపడింది. "గోడకూ గుడ్డే, నోటికీ గుడ్డే. రేపు దేవుడికి కూడా అదే పెట్టు," అంది. ఆయన శనివారం దాకా ఆగాడు. మొండితనమంతా పెళ్ళాం దగ్గర చూపే మనిషి కాదు.

కలిపినదాన్ని పళ్ళెంలో పోసి, చెక్కతో బాగా అదమమన్నాడు. మధ్యలో కదపొద్దన్నాడు. సన్నటి వేడిలో ముప్పావుగంట. చల్లారినాక విరిచి చూశాను. ముక్కలు ముక్కలుగా విరిగింది, రాలలేదు. నోట్లో వేసుకున్నాను. కరకరమంది గానీ తీపి జాడ ఎక్కడో ఒకచోట తగిలింది, అంతే. ఏం తీపి లేదే మేస్త్రన్నా అన్నాను.

"గోడను నాకుతామా?" అన్నాడు. "నిలబడితే చాలు."

ఆ అమ్మాయి మడిచిన కొలతకు సరిపోయే చిన్న ఇత్తడి గిన్నె వదిన వెతికి ఇచ్చింది. రోజూ పొద్దున ఆరున్నరకు ఆ గిన్నెడు, పెరుగులో కలుపుకొని తినేవాడు. కింద పడిన పలుకులు కూడా ఏరుకొని తినేవాడు, ఇంకొక పలుకు మాత్రం డబ్బాలోంచి తీసేవాడు కాదు. ఏరుతున్నప్పుడు పెళ్ళాం చూస్తే, కూలి పనిలో మెటీరియలు పారెయ్యకూడదు అనేవాడు.

మూడు నెలలు నిండడానికి పది రోజుల ముందు నెల్లూరుపేట ఇంట్లో గృహప్రవేశం. మా వైపు ఆ రోజు మేస్త్రికి కొత్త పంచె పెట్టి, మొదటి లడ్డు ఆయనకు తినిపించినాకే మిగిలినవాళ్ళకు పంచుతారు. మేస్త్రి నోరు తీపి కాకుంటే ఇంటికి మంచిది కాదంటారు. ఆయనను కుర్చీతో సహా మోసుకుపోయి గుమ్మం ముందు దించారు. యజమానురాలి అత్త లడ్డు పట్టుకొని నోటిదాకా తెచ్చింది. చుట్టూ జనం. ఒక్క లడ్డుకు ఏం కాదు మేస్త్రీ అని ఎవరో అన్నారు. ఇంటి మంచి కోసమైనా తినమని ఇంకొకరు అన్నారు. ఆయన లడ్డు వైపు చూశాడు. ఆయనకు లడ్డంటే ఎంత ఇష్టమో నాకు తెలుసు. రూఫు వేసిన ప్రతిసారీ అరడజను తినేవాడు.

చేతిలోకి తీసుకొని కళ్ళకద్దుకున్నాడు. తర్వాత, "నా వంతు ఈ పాప తింటాదమ్మా," అని నా చేతిలో పెట్టాడు.

ఆ పెద్దావిడ మొహం చిట్లించింది. సిత్తాలు తింటే ఎట్లా అంది.

"ఈ ఇంటి ఇటకలన్నీ ఈమె నెత్తిన ఎక్కినాక కదమ్మా గోడెక్కింది. ఈమె నోరు తీపైతే చాలు," అన్నాడు. గొంతులో తగాదా లేదు, బతిమాలడం కూడా లేదు. నేను అందరి ముందు ఆ లడ్డు తిన్నాను. ఆయన జేబులోంచి చిన్న ముక్క తీసి నోట్లో వేసుకున్నాడు. పొద్దున పెరుగు కలపకముందే గిన్నెలోంచి దాచుకొని తెచ్చుకున్నది.

చెప్పిన రోజుకు వేలూరు వెళ్ళాం. వదిన కూడా వచ్చింది, నిమ్మకాయ వాసన చూసుకుంటూ. రక్తం రిపోర్టు చూసి డాక్టరు రెండుసార్లు పేరు సరిచూసుకున్నాడు. తర్వాత కట్టు విప్పాడు. అరికాలి పుండు మూసుకుంది. అక్కడ సన్నటి, లేత రంగు చర్మం. కానీ తీసేసిన రెండు వేళ్ళ పక్కన మూడో వేలు నల్లగా చచ్చి ఉంది. డాక్టరు చాలాసేపు నొక్కి నొక్కి చూశాడు. మేము ముగ్గురం డాక్టరు చేతి వేళ్ళనే చూస్తున్నాం. కాలు తియ్యక్కర్లేదు, ఈ వేలు మాత్రం పోవాలి అన్నాడు. బాధపడొద్దని కూడా ఏదో చెప్పబోయాడు.

"వేలు తీసుకో డాక్టరూ. పునాది వదులు, చాలు," అన్నాడు ఈయన.

వేలు తీసినాక పన్నెండు రోజులు పడుకోబెట్టారు. అక్కడ కూడా పొద్దున ఆరున్నరకు ఇత్తడి గిన్నె. పదమూడో రోజు, ఇంక పాదం నేల మీద మోపొచ్చన్నారు. నడక నేర్పే అతను నాలుగు కాళ్ళ స్టాండు తెచ్చి మంచం ముందు పెట్టి, మెత్తటి చెప్పు తొడిగాడు. మూడు నెలల మీద రెండు వారాలుగా గాలిలో ఉన్న కాలు అది. వదిన ఒక పక్క, నేను ఒక పక్క. ఆయన స్టాండు పట్టుకొని లేచాడు. మంచి కాలు ముందు దించాడు. తర్వాత రెండోది దించాడు. దించి, కదలకుండా నిలబడిపోయాడు. నుదుటి మీద చెమట పట్టింది.

నొప్పా అని వదిన అడిగింది. తల అడ్డంగా ఊపాడు. కిందికి వంగి చూడాలంటే తూలిపోతాడు. చూడకుండా తెలుసుకుందామంటే ఆ పాదం ఏమీ చెప్పదు. ఎన్నో అంతస్తుల ఎత్తున ఒంటి కట్టె మీద నడిచిన మనిషి, ఆసుపత్రి గదిలో చదును నేల మీద ముందుకు పోలేక నిలబడ్డాడు.

"పాపా, కింద నేల ఉండాదా?" అన్నాడు.

నేను వంగి ఆ చెప్పు పక్కన చెయ్యి ఆనించి చూశాను. పాదం పూర్తిగా ఆని ఉంది, మడమ నుంచి మిగిలిన రెండు వేళ్ళ దాకా.

"ఉండాది మేస్త్రన్నా," అన్నాను.

"సరి," అని, ఆయన స్టాండును ముందుకు జరిపి, ఆ కాలు మీద బరువంతా వేసి, అడుగు వేశాడు.